ముక్కు ఉంటే చాలదు

మా మేనల్లుడు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, కాలుష్య నియంత్రణలో ఉద్యోగం చేస్తానని బయల్దేరాడు. "వాగుల్ని కాపాడతా మామయ్యా" అన్నాడు. వాడికి కావలసింది ఆశీర్వాదం కాదు, సెక్షన్ 21 అని నాకు వెంటనే అర్థమైంది.

1974 నాటి జల చట్టంలో ఆ సెక్షన్ చదివితే ఇది ఎంత మర్యాదస్తుల ఉద్యోగమో తెలుస్తుంది. ఫ్యాక్టరీ కాలువ నీళ్లు కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే ఊరికే సీసాలో పట్టుకుపోతే కుదరదు. పరీక్ష చేయించబోతున్నామని యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. ఆయన ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి. సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మావైపు లగ్నపత్రిక కూడా ఇంత పద్ధతిగా రాసుకోరు. సంతకాలు అయ్యేలోగా టీ వస్తుంది. తాగాలా వద్దా అన్నది చట్టం చెప్పలేదు, సర్వీసు మీద తెలుస్తుంది.

మనం ఆఫీసు వేళల్లో వెళతాం. వ్యర్థజలాలకు ఆ పట్టింపు లేదు. అర్ధరాత్రి, అందులోనూ కుండపోత వాన పడే రాత్రి చూసుకుని బయటికొస్తాయి. తెల్లారి మనం ఐసు పెట్టె పట్టుకుని వెళ్లేసరికి వాగు తలంటు పోసుకున్నట్టుంటుంది. ల్యాబులో బీఓడీ, అంటే నీటిలోని మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లాగేసే ఆక్సిజన్ లెక్క, తేలడానికి 27 డిగ్రీల దగ్గర 3 రోజులు పడుతుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటలేదా, ఆ కాలమ్‌లో అంతా క్షేమం. ఈ లెక్క తెలియక చేపలు తేలిపోతే మనమేం చేస్తాం?

"వాసనకి కిటికీలు తీయలేకపోతున్నాం సార్" అని ఊళ్లోవాళ్లు ఫోన్ చేస్తారు. ఓపిగ్గా వినాలి. వాసనని రెండు భాగాలు చేసి సీలు వేయలేం కదా.

గాలి సంగతి ఇంకా సుఖం. పీఎం 2.5 అనే అతిసన్నటి ధూళి ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన ప్రమాణం 40. మన ఊపిరితిత్తులు 8 రెట్లు గట్టివన్నమాట.

ఇక తొందరపాటు పనికిరాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన కేసు, హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తేలింది. కేసు వేసిన ఏడాది ఉద్యోగంలో చేరినవాడికి తీర్పు వచ్చేసరికి మనవడు పుట్టి ఉంటాడు. అక్కడి నక్కవాగు మాత్రం ఏ కోర్టుకూ హాజరు కాకుండా ఆ 27 ఏళ్లూ మంజీరలోకి పోతూనే ఉంది.

జైలు అనే మాటతో ఎవర్నీ టెన్షన్ పెట్టే అవసరమూ తగ్గింది. 2024లో పార్లమెంటు జల చట్టాన్ని సవరించి, చాలా తప్పులకు జైలు బదులు 10,000 నుంచి 15 లక్షల రూపాయల జరిమానా చాలంది. ఖర్చుల పద్దులో ఒక గీత ఎక్కువ, అంతే.

వాడు అన్నీ విని, "రిటైరయ్యాక ఏం చేయాలి మామయ్యా?" అన్నాడు. పిచ్చివాడు, అసలు కెరీర్ మొదలయ్యేది అప్పుడే. ఫ్యాక్టరీలకు కన్సల్టెంట్‌గా చేరి, ఒకప్పుడు తను రాసిన నోటీసులకు తనే జవాబులు రాసుకోవచ్చు. తప్పులు ఎక్కడ వదిలాడో వాడికంటే బాగా ఎవరికి తెలుసు?