సిక్సు వాళ్లది, సందు మాది

ఉప్పల్ స్టేడియం పక్కన ఉండేవాళ్లకు భవిష్యత్తు తెలుస్తుంది. ఇందులో జ్యోతిషం ఏమీ లేదు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి మేమూ అందరిలాగే ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటాం. ఫోన్‌లో బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉంటాడు, బయట నుంచి ఒక్కసారిగా హోరు లేస్తుంది. సిక్స్ అన్నమాట. లేచిన హోరు సగంలో చచ్చిపోతే బౌండరీ దగ్గర ఎవరో క్యాచ్ పట్టేశారు. అసలు చప్పుడే లేకపోతే మనవాడు బౌల్డ్. కాసేపటికి ఫోన్‌లో అచ్చం అదే జరుగుతుంది. మా ఆవిడ ఆలోపు వంటింట్లోకి వెళ్లి పాలు దించి వచ్చేస్తుంది. దేశంలో కోట్లమంది కంటే ముందుగా బాధపడే ఈ సౌకర్యానికి ఇంతవరకు మా దగ్గర ఎవరూ పన్ను వసూలు చేయలేదు. కాబట్టి స్టేడియం వల్ల మాకేం ఒరిగిందని అడిగితే కళ్లు పోతాయి.

ఈ కృతజ్ఞతాభావం చెక్కు చెదరకుండానే మా కాలనీ సంక్షేమ సంఘం మొన్న ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. 'స్టేడియం–ఇరుగుపొరుగు సత్సంబంధాల సమన్వయ కమిటీ' వేయాలని. పేరులో సత్సంబంధాలు ఉండాలా సమన్వయం ఉండాలా అని నలభై నిమిషాలు వాదించుకున్నాం. ఉన్న సంబంధాలు చెడేలా కనిపించడంతో రెండూ పెట్టేశాం. ముసాయిదా రాసే బాధ్యత నాకు అప్పగించారు. నాకున్న అర్హతల్లా సందు మొదట్లో ఇల్లు, వెడల్పాటి గేటు. మ్యాచ్ రోజు ఆ గేటు ముందు మూడు కార్లు పడతాయి. ఇల్లు కట్టుకున్నప్పుడు ఒకటే పడుతుందనుకున్నాను.

ముసాయిదా అన్నాక పూర్వచరిత్ర ఉండాలి కదా. 2005 నవంబర్ 16న ఇక్కడ మొదటి వన్డే జరిగింది, దక్షిణాఫ్రికాతో. అప్పటిదాకా హైదరాబాద్‌లో ఆ వైభవమంతా లాల్ బహదూర్ స్టేడియానిది, ఆ ట్రాఫిక్కంతా బషీర్‌బాగ్‌ది. మాకు ప్లాటు చూపించిన బ్రోకరు చెయ్యెత్తి ఫ్లడ్‌లైట్ల వైపు చూపించి, "సార్, రేపు ఇండియా టీమ్ మీ ఇంటి ముందు నుంచే పోతది, గజం రేటు ఎక్కడికి పోతదో చూస్కోండి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. టీమ్ బస్సు పోతూనే ఉంది, రేటూ పోతూనే ఉంది. ఆ గజాల మీద మ్యాచ్ రోజు ఎవరి కారు నిలబడుతుందన్నది ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. 2017లో మెట్రో వచ్చింది. మా స్టేషన్‌కు 'స్టేడియం' అని పేరు పెట్టారు. ఒక వైపు స్టేషన్‌కు ఉప్పల్ అని ఊరి పేరుంది, మరో వైపు దానికి ఎన్జీఆర్ఐ అని సైంటిస్టుల పేరుంది. మధ్యలో ఉన్న మేం ఎవరమో ఆ పేరుతోనే తేల్చేశారు.

ఇక సమస్యల వివరణ. సొంతగడ్డ మీద సన్‌రైజర్స్ జట్టుకు ఐపీఎల్ సీజన్‌లో ఏడు మ్యాచులు, ఆపైన ఎప్పుడైనా ఒక అంతర్జాతీయ మ్యాచ్. లెక్కకు పెద్ద సంఖ్య కాదు. ఏడాదికి ఏడు పెళ్లిళ్లు ఏ ఇంట్లో జరగవు? కాకపోతే ఈ పెళ్లికి ఒక్కోసారి నలభై వేల మందికి అటూ ఇటూగా వస్తారు, అందరూ మగపెళ్లివారే.

మధ్యాహ్నం మూడింటికి బారికేడ్లు వస్తాయి. నాలుగింటికి ఆరెంజ్ జెర్సీలవాళ్లు, బుగ్గల మీద జెండా వేసే కుర్రాళ్లు, మిర్చి బండి. అయిదింటికి నా గేటు ముందు మొదటి కారు ఆగుతుంది. అందులోంచి దిగే కుర్రాడికి ఎంత మర్యాదో! చెప్పులు విడిచినంత వినయంగా హ్యాండ్‌బ్రేక్ వేసి, "అన్నా, జర అయిదు నిమిషాలు, మా దోస్తును దింపి వచ్చేస్త" అంటాడు. వస్తాడు కూడా. మ్యాచ్ అయ్యాక, తేదీ మారే వేళకు. ఒకసారి ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాను. పదో ఓవర్లో చేస్తే ఎత్తాడు. "అన్నా, వినబడ్తలేదు, సిక్స్ కొట్టిండు!" అన్నాడు. నాకు అప్పటికే తెలుసు.

స్టేడియంలోకి హెల్మెట్ రానివ్వరు. నీళ్ల బాటిల్, పవర్ బ్యాంక్, అగ్గిపెట్టె, ఇంటికెళ్లి పెట్టి రాలేని ప్రతి వస్తువూ గేటు దగ్గర నిషేధం. ఈ నిషేధంలోంచి మా పక్కింటి పెద్దమ్మ ఒక పరిశ్రమ స్థాపించింది. అరుగు మీద పాత తుంగచాప పరిచి, హెల్మెట్‌కు యాభై, బ్యాగుకు వంద. సుద్దముక్కతో హెల్మెట్ మీద నంబరు వేస్తుంది, అదే నంబరు క్యాలెండర్ కాగితం ముక్క మీద రాసి చేతిలో పెడుతుంది. రాత్రి పదకొండున్నరకు వందమంది ఒక్కసారి మీద పడినా ఒక్క హెల్మెట్ మారిన దాఖలా లేదు. 2022 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్లు సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో అమ్మినప్పుడు తొక్కిసలాట జరిగి జనం ఆస్పత్రుల పాలయ్యారు. అక్కడ కంప్యూటర్లు ఉన్నాయి, కౌంటర్లు ఉన్నాయి, పోలీసులు ఉన్నారు. సుద్దముక్క ఒక్కటే లేదు. క్రౌడ్ మేనేజ్‌మెంట్ ఉపసంఘానికి పెద్దమ్మనే చైర్‌పర్సన్ చేద్దామని ప్రతిపాదించాను. "గేటు మూస్తే నా చాపెవరు చూస్తరు బిడ్డా" అని తిరస్కరించింది. సమస్య తీరితే పెద్దమ్మకు నష్టం. ఈ కోణం ముసాయిదాలో లేదు. రాస్తే మా కాలనీలో ఇంకా ఎన్ని చాపలు బయటపడతాయో!

ప్రహరీగోడల విషయం సున్నితమైనది. మ్యాచ్ విడిచాక జనం మెట్రో దాకా నడవాలి. స్టేడియం నుంచి స్టేషన్‌కు దారి చూపించినవాళ్లు మధ్యలో మనిషికి వచ్చే అవసరానికి దారి చూపించలేదు. దాంతో మా గోడలకు దేవుళ్ల టైల్స్ అతికించాం. సర్వమత సమానత్వం పాటించి మూడు మతాలవీ పెట్టాం. ఫలితం అద్భుతం. జనం టైల్స్ లేని ఎదురింటి గోడకు మారారు. దీన్ని సమస్య పరిష్కారం అంటారని మా సంఘంలోని రిటైర్డ్ తాసిల్దారు గారు ధ్రువీకరించారు.

చప్పుడు సంగతి. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది దాటితే నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ మించకూడదు. మ్యాచ్ ఏడున్నరకు మొదలవుతుంది. అంటే రెండో ఇన్నింగ్స్ సగం నుంచి చివరి ఓవర్ దాకా, ఎక్కడైతే మనిషన్నవాడు అరుస్తాడో సరిగ్గా అక్కడ, చట్టం గుసగుసగా మాట్లాడమంటుంది. మా కోశాధికారి దీన్ని శాస్త్రీయంగా నిరూపించాలని ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసుకున్నారు. 2024 మార్చి 27న, ముంబైతో మ్యాచ్. ఆ రాత్రి సన్‌రైజర్స్ 277 కొట్టారు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సులు. కోశాధికారి డాబా ఎక్కి నోట్‌బుక్కు పట్టుకుని ప్రతి హోరుకూ రీడింగ్ రాసుకున్నారు. సాక్ష్యం పకడ్బందీగా తయారైంది. అందరికంటే పెద్ద అంకె దగ్గర ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టారు కూడా. తీరా ఆరా తీస్తే అది స్టేడియం అరుపు కాదు. క్లాసెన్ బంతిని ఎత్తి అవతల పడేసినప్పుడు డాబా మీద కోశాధికారి గారు స్వయంగా పెట్టిన కేక. ఆ పేజీ చింపేసి మిగతాది జతపరిచాం.

విదేశీ అనుభవాలు కూడా ఒక పేరా ఉండాలన్నారు. లండన్‌లో వెంబ్లీ చుట్టూ మ్యాచ్ రోజున పర్మిట్ ఉంటేనే వీధిలో బండి పెట్టాలి, ఆ పర్మిట్ ఆ వీధివాళ్లకే. చికాగోలో రిగ్లీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానానికి 1988 దాకా ఫ్లడ్‌లైట్లే లేవు. రాత్రి ఆటలు వద్దని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పట్టుబట్టారు. లైట్లు వచ్చాక కూడా ఏడాదికి 18 రాత్రి మ్యాచులే అని నగరం హద్దు పెట్టింది. ఇది చదివి వినిపించగానే సభ్యులందరూ కాసేపు మౌనం వహించారు. మన దగ్గరా లైట్లు ఆరకపోలేదు. 2024 ఏప్రిల్‌లో, చెన్నైతో మ్యాచ్‌కు ముందురోజు, కోటిన్నరకు పైగా కరెంటు బకాయి ఉందని సరఫరా ఆపేశారు. కాకపోతే అందులో మా పోరాటం పాత్ర ఏమీ లేదు. మ్యాచ్ కూడా మర్నాడు దేదీప్యమానంగా జరిగింది. మా ఇంట్లో తొమ్మిది వందల బిల్లు గడువు దాటితే లైన్‌మన్ నిచ్చెనతో వస్తాడు. అందుకే బకాయి పడదలిస్తే కోట్లలో పడాలని మా అబ్బాయికి చెబుతుంటాను.

ఉప్పల్ చౌరస్తాను కమిటీ పరిధిలోకి తేలేదు. అక్కడి నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఆ స్తంభాల మధ్య నుంచి అమ్మ ఒళ్లో ఆస్పత్రికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు వాటి మధ్య నుంచే బడికి వెళ్తున్నారు. అంత పెద్ద సమస్యను నిన్నగాక మొన్న పుట్టిన కమిటీ నెత్తిన పెట్టడం మర్యాద కాదు.

కమిటీ నిర్మాణం ఇలా ఖరారైంది. అధ్యక్షులు నిష్పాక్షికంగా ఉండాలి కాబట్టి ఈ చుట్టుపక్కల పది కిలోమీటర్లలో నివసించకూడదు. ట్రాఫిక్, మున్సిపాలిటీ, కరెంటు, నీళ్లు, మెట్రో, క్రికెట్ సంఘం, జట్టు యాజమాన్యం, వీళ్లంతా సభ్యులు. కాలనీవాసులు 'ప్రత్యేక ఆహ్వానితులు'. అంటే టీ తాగవచ్చు, ఓటు వేయకూడదు.

మొదటి సమావేశం మా కమ్యూనిటీ హాల్లో పెట్టాం. మా కోరికలన్నీ కోశాధికారి గారి మనవరాలు తెల్లటి చార్ట్ మీద స్కెచ్ పెన్నులతో రాసింది. గేట్ల ముందు పార్కింగ్ వద్దు, పది తర్వాత డీజే వద్దు, దారిలో మొబైల్ టాయిలెట్లు కావాలి, మర్నాడు పొద్దున్నే చెత్త ఎత్తాలి. చివర్లో, లావుపాటి ఎర్ర అక్షరాలతో, 'అంబులెన్స్‌కు దారి'.

ఆ చివరిది ఎందుకంటే, మా సందు చివరింటి పెద్దాయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. వాళ్ల ఫ్రిజ్ మీద రెండు కాగితాలు అయస్కాంతంతో పక్కపక్కన అతికించి ఉంటాయి. ఒకటి ఆస్పత్రివాళ్లు ఇచ్చిన తేదీలు, రెండోది ఐపీఎల్ షెడ్యూల్. రెండూ కలిసిన చోట కోడలు పెన్సిల్‌తో గుండ్రం చుడుతుంది. ఆ రోజుల్లో ఆయన్ను పొద్దున్నే తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యాక రాత్రి దాకా నాచారంలో కూతురి ఇంట్లో పడుకోబెడతారు. ముందే తెలిసిన రోగానికి ఈ ఏర్పాటు సరిపోతుంది. చెప్పాపెట్టకుండా వచ్చేదానికి ఏం చేయాలని ఆమె ఆ సమావేశంలో లేచి అడిగింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి తల పంకించి, "నోట్ చేసుకున్నాం అమ్మా" అన్నారు. ఆయన చేతిలో పెన్ను లేదు. సమోసా ఉంది.

తర్వాత ఆయన జేబులోంచి కవరు తీశారు. వచ్చే మ్యాచ్‌కు కాంప్లిమెంటరీ పాసులు. "ఇరుగుపొరుగు అన్నాక ఇచ్చిపుచ్చుకోవాలి" అన్నారు. మేం ఇచ్చింది చాలా ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాం కాబట్టి పుచ్చుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పాసులు పది, హాల్లో ఉన్నవాళ్లు ఇరవై ఆరు మంది. కోరికల మీద చర్చ పదిహేను నిమిషాలు సాగితే, పంపకం మీద గంటా పది నిమిషాలు. ఫ్లాట్‌కు ఒకటా, ఓనర్‌కు ఒకటా? అద్దెకున్నవాళ్లు ఇరుగా, పొరుగా? రిటైర్డ్ తాసిల్దారు గారు సీనియారిటీ జాబితా తయారు చేశారు. డీజేకు వ్యతిరేకంగా కోర్టుకెళ్తానన్న ఆయన స్పీకర్లకు దూరంగా ఉండే సీటు అడిగారు. చివరికి చీటీలు వేశాం. పెద్దమ్మ చాప మీదే. నాకు రెండు వచ్చాయి. కమిటీ తదుపరి సమావేశం సీజన్ అయ్యాక అని తీర్మానించి, చార్ట్ చుట్టి నా చేతిలో పెట్టారు, భద్రపరచమని.

మ్యాచ్ రోజు అయిదింటికి నా గేటు ముందు తెల్ల కారు ఆగింది. అదే వినయం, అదే దోస్తు, అదే అయిదు నిమిషాలు. "పర్లేదు తమ్ముడూ, మేమూ లోపలికే" అన్నాను. కుర్రాడు నన్ను కావలించుకున్నంత పని చేశాడు. మా ఆవిడ ఎక్కడో కొన్న ఆరెంజ్ చున్నీ వేసుకుని వచ్చింది. అందరూ చేతుల్లో ఏదో ఒకటి ఊపుతూ ఉంటారు, మన చేతులే ఖాళీగా ఉంటే టీవీలో బాగుండదని అంది. ఇల్లంతా వెతికితే తెల్లగా, పెద్దగా ఉన్న కాగితం ఒక్కటే దొరికింది. నేల మీద బోర్లా పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, మార్కర్‌తో ఇంతెత్తు '6' వేశాను.

మా ఆవిడ దాన్ని ఎత్తి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూసింది.

"వెనక అంబులెన్స్ అన్న ఎర్రక్షరాలు ఇటు కనిపిస్తున్నాయండీ," అంది. "ఇంకోసారి దిద్దండి, లావుగా."