చందాలేసుకుని చేయించుకుంటే మున్సిపాలిటీకి హాయే

"మున్సిపాలిటీని నమ్ముకుంటే ఈ జన్మలో అవదు, ఇంటికింతని వేసుకుని మనమే చేయించేసుకుందాం." కాలనీ సంఘం మీటింగ్ ఎక్కడ జరిగినా ఓ గంట గడిచాక ఎవరో ఒకరు ఈ మాట అంటారు, అనగానే సగం మంది తలలూపుతారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, ఎవరితో గొడవ లేదు, వారం తిరక్కుండా వీధి శుభ్రం. కానీ నన్నడిగితే సంఘాలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. సంఘం ఉన్నది మున్సిపాలిటీ చేత పని చేయించడానికి, మున్సిపాలిటీ పని తన నెత్తిన వేసుకోవడానికి కాదు. ఈ తేడా మర్చిపోతే సంఘం మెల్లగా తనే ఒక బుల్లి మున్సిపాలిటీ అయిపోతుంది, కాకపోతే దానికి పన్ను వేసే అధికారం ఉండదు, ఇంజినీర్లు ఉండరు, ఓటేసి దింపేసే అవకాశం కూడా చాలామందికి ఉండదు.

ఊడ్చేవాళ్లను సంఘమే పెట్టుకుందనుకోండి. మొదటి నెల అందరికీ సంతోషమే. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా సంతోషం, ఎందుకంటే ఆయన దగ్గర మనుషులు ఎప్పుడూ తక్కువే, మన వీధికి వేసినవాళ్లను ఇంకో వీధికి సర్దేస్తాడు. ఏడాది తిరిగేసరికి మన వీధి ఆయన లెక్కలోంచే జారిపోతుంది. ఆ తర్వాత చందాలు ఇవ్వడం ఒక్కొక్కరే మానేసి, సంఘం చేతులెత్తేసి, మళ్లీ ఆఫీసుకు వెళ్తే "మీరే చేయించుకుంటున్నారు కదండీ" అంటారు. అందులో వెటకారం కూడా ఏమీ ఉండదు, ఆయన రికార్డులో ఉన్నది అదే.

మ్యాన్‌హోల్ పొంగినప్పుడు ఇదే అలవాటు ప్రాణాల మీదకు తెస్తుంది. రెండు రోజులు ఫోన్లు చేసి విసిగిపోయి, ఎవరో తెలిసినతన్ని పిలిపించి, చేతిలో కొంత పెట్టి లోపలికి దింపేస్తారు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ నిషేధం మున్సిపాలిటీలకు మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు, ఏ వ్యక్తికైనా, ఏ సంస్థకైనా వర్తిస్తుంది, అంటే పిలిపించిన సంఘం కార్యదర్శికి కూడా. మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచిందంటేనే ఆ చావులు ఇంకా ఆగలేదని అర్థమవుతోంది.

మరి ఇంటి ముందు మురుగు పారుతుంటే చట్టాలు చదువుకుంటూ కూర్చోమంటారా అంటే, కూర్చోనక్కర్లేదు. నీటి ఒత్తిడితో పూడిక తీసే జెట్టింగ్ మిషన్ అద్దెకు తెచ్చి ఆ పూటకు గండం గట్టెక్కండి. కానీ ఆ రోజే ఒక ఉత్తరం రాయండి: ఫలానా తేదీన ఫిర్యాదు చేశాం, మీరు రాలేదు, మీరు చేయాల్సిన పనికి మేం ఇంత ఖర్చు పెట్టాం. ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ డబ్బు తిరిగి వస్తుందని కాదు, ఆ పని ఎవరిదో కాగితం మీద ఉండాలని.

ఇక అందరికీ తెలిసిన జవాబు, "ఫండ్స్ లేవండి." ఈ మాటకు మన దేశంలో ఎప్పుడో సమాధానం దొరికింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కాలువలు లేక, మరుగుదొడ్లు లేక, కంపు భరించలేక మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లారు. ఆయన పనులు చేయమని ఆదేశిస్తే, చేయకుండా మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది, మా దగ్గర డబ్బుల్లేవు అంటూ. 1980 జులైలో జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను కొట్టేశారు. ప్రజారోగ్యం చూడటానికే పుట్టిన సంస్థ, డబ్బుల్లేవని చెప్పి ఆ బాధ్యతే తప్పించుకోవడానికి వీల్లేదన్నారు. ఆ వార్డు జనం వాడింది పెద్ద రాజ్యాంగ పిటిషన్ ఏమీ కాదు, ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని మెజిస్ట్రేట్ ఆదేశించగల ఒక మామూలు సెక్షన్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 133. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే ఇప్పుడు 152వ సెక్షన్. ఎన్ని సంఘాలకు ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

అయితే ఏ మెజిస్ట్రేటూ "మా కాలనీ దరిద్రంగా ఉంది సార్" అంటే ఏమీ చేయలేడు. కమిషనరూ అంతే. ఆధారం కావాలి, అది ఎవరో ఒకరు రోజూ కూర్చుని రాసుకుంటే తప్ప పుట్టదు. వీధి దీపాలనే తీసుకోండి. ఎవరింటి ముందు దీపం వెలగకపోతే వాళ్లు యాప్‌లో ఫిర్యాదు పెడతారు, ఎవరో వచ్చి బల్బు మారుస్తారు, ఒక్కోసారి మార్చకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. అలా కాకుండా ఒక నోట్‌బుక్‌లో స్తంభం నంబరు, ఆరిపోయిన తేదీ, ఫిర్యాదు నంబరు, మళ్లీ వెలిగిన తేదీ, ఈ నాలుగూ రాస్తూ పోతే రెండు మూడు నెలల్లో కథ మారుతుంది. వరసగా ఉన్న ఆరేడు స్తంభాలు ఎప్పుడూ కలిసే ఆరిపోతున్నాయని తేలిందనుకోండి, అప్పుడు లోపం బల్బులో కాదు, వాటన్నిటికీ కరెంటిచ్చే టైమర్ బాక్సులోనో, కేబుల్‌లోనో ఉందని అర్థం. ఎన్ని బల్బులు మార్చినా అది బాగుపడదు. ఈ సంగతి లైన్‌మన్‌కి తెలియకపోవచ్చు, ఆయన పిలిచిన స్తంభం దగ్గరికే వెళ్తాడు. డ్రైనేజీ కూడా ఇంతే. వాన లేని రోజుల్లో పొంగుతోందంటే వాననీటి కథ కాదు, కింద ఎక్కడో పూడిక ఉంది, లేదా పెద్ద పైపు వెళ్లి చిన్న పైపులో కలుస్తోంది. తేదీలు రాసుకున్నవాళ్లే ఆ మాట గట్టిగా అనగలరు.

"ఎస్టిమేట్ వేశామండి" అన్న జవాబుకు సంబరపడి వచ్చేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఎస్టిమేట్ అంటే మొదటి మెట్టు. ఆ తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, పని, కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. ఫైలు ఇందులో ఏ మెట్టు మీద, ఎవరి టేబుల్ మీద ఉందో అడగాలి. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లెవరూ టెండరు వేయకపోతే ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని) తిట్టి లాభం లేదు, అప్పుడు అడగాల్సింది ఇంకెవరినో. ఇంకో సంగతి, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ కసరత్తు అంతకు కొన్ని నెలల ముందే నడుస్తుంది. మన సంఘాలకు కాలువ గుర్తొచ్చేది మాత్రం తొలకరి వానకు నీళ్లు ఇంట్లోకి వచ్చాక.

సమాచార హక్కు చట్టాన్ని కూడా సగమే వాడుకుంటున్నాం. 2005 నాటి ఆ చట్టంలో కాగితాల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కూ ఉంది, వాడిన సామగ్రి నమూనాలు అడిగే హక్కూ ఉంది. వేసిన సీసీ రోడ్డు మందం ఎంత ఉండాలో ఎస్టిమేట్ నకలు తీసుకుని, రోడ్డు దగ్గర నిలబడి కొలుచుకోవచ్చన్నమాట. దరఖాస్తు మాత్రం సంఘం లెటర్‌హెడ్ మీద కాకుండా ఒక సభ్యుడి పేరుతో పెట్టండి. చట్టం ఈ హక్కు ఇచ్చింది పౌరులకు, ఆ సాకుతో తిప్పి పంపే అధికారులున్నారు.

ఇదంతా ఒక వార్డు స్థాయి మాట. ఊరంతటి స్థాయిలో దీన్ని చేసి చూపించింది బెంగళూరు. 1994లో శామ్యూల్ పాల్ బృందం, నీళ్లు, కరెంటు, మున్సిపాలిటీ వంటి సంస్థలకు జనం చేత మార్కులు వేయించి రిపోర్టు కార్డు బయటపెట్టింది, ఆ పని లోంచే పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అనే సంస్థ పుట్టింది. మార్కులు ఘోరంగా వచ్చాయి. 1999లో రెండోసారి వేయిస్తే మార్పు కొద్దిగానే కనిపించింది, 2003లో మూడోసారికి గాని చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదు. తొమ్మిదేళ్లు! రెండు వినతిపత్రాలిచ్చి, నాలుగు ఫొటోలు పత్రికకు పంపి, "ఏమీ జరగలేదు" అని నిట్టూర్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

నిజానికి ఇన్ని తిప్పలు లేకుండా అడిగే చోటొకటి రాజ్యాంగంలోనే ఉంది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మూడు లక్షలు అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని చెప్పింది (రాజ్యాంగం 243ఎస్ అధికరణ). కమిటీలు కాగితం మీద ఉండి, మీటింగులు లేని ఊళ్లే ఎక్కువ. సంఘాలకు పోరాడాలన్న సరదా ఉంటే ముందు దీని మీద పోరాడొచ్చు, ఎందుకంటే అక్కడ మాట్లాడేది ఒక కాలనీ కాదు, వార్డు మొత్తం.

వార్డు మొత్తం అనగానే సంఘాలకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది, దాని గురించి కూడా చెప్పుకోవాలి. చందా కట్టే సొంతింటివాళ్లే సభ్యులు, అద్దెకున్నవాళ్లు ప్రేక్షకులు, కాలనీ చివర ఉన్న బస్తీ అసలు లెక్కలోనే లేదు. 2000లో ఢిల్లీ ప్రభుత్వం 'భాగీదారీ' పేరుతో సంఘాలను అధికారులతో కలిపి కూర్చోబెట్టినప్పుడు వచ్చిన ప్రధాన విమర్శ ఇదే: ప్రణాళిక ప్రకారం కట్టిన కాలనీల సంఘాలకే కుర్చీ దొరికింది, అనధికార కాలనీలు, మురికివాడలు బయటే ఉండిపోయాయి. "పన్ను కట్టేది మేం" అంటారు, అద్దెలో ఆ పన్ను కలిసే ఉంటుందన్నది మాత్రం గుర్తుండదు. పైగా మురుగు కాలువకు సభ్యత్వం తెలియదు. మన చెత్త కుండీని బస్తీ మొదట్లోకి జరిపించి గెలిచామనుకుంటే, వానాకాలంలో ఆ చెత్తే కాలువకు అడ్డం పడి నీళ్లు మన గేట్లోకే వస్తాయి.

సర్వసభ్య సమావేశం పెట్టి, అద్దెకున్నవాళ్లకూ ఓటు హక్కు ఇస్తూ బైలా (సంఘం నియమావళి) మార్చుకోవడానికి మున్సిపాలిటీ అనుమతి అక్కర్లేదు, ఫండ్సూ అక్కర్లేదు. ఇప్పటిదాకా ఎందుకు మార్చలేదో మాత్రం ఏఈని అడగలేం, అది అధ్యక్షుడినే అడగాలి.