దివాణంలో దిగబోయేవారికి మనవి

1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయని అంటారు. పోలేదు. కావలసినవారికి రాత్రికింతని అద్దెకిస్తున్నారు. మధ్యాహ్నం రెండింటికి పట్టాభిషేకం, మర్నాడు పదకొండింటికి పదవీచ్యుతి.

కోనసీమలో పాత మేడని హోటలుగా బాగుచేసే శాస్త్రంలో మొదటి అధ్యాయం గోడ. రెండడుగుల మందం, ఇటుకా గానుగసున్నం. కాస్త తవ్వితే నీళ్లూరే నేల ఇది. పునాది పీల్చిన చెమ్మని సున్నం ఎప్పటికప్పుడు బయటికి వదిలేస్తుంది. జమీందారు మనవడుగారు ఆ పూత గీకించి, సిమెంటు పూయించి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టిస్తారు. దారి మూసుకుపోయిన చెమ్మ గోడలోపలే పైకెక్కుతుంది. కాలువలకి నీళ్లొదిలి, నాలుగు వానలు పడేసరికి మోకాలెత్తున పెయింటు బుడగలెత్తి, తెల్లగా ఉప్పు పూస్తుంది. గోరుతో నొక్కితే చిటికెడు పొడి రాలుతుంది. అడిగితే మేనేజరు, "ఆయ్, యాంటిక్ ఫినిష్ అండి" అంటాడు. పెట్టె గోడకి జానెడు దూరంలో పెట్టుకోండి. పట్టుచీరలుంటే మూరెడు.

ఇక మండువా. నాలుగువైపులా వసారా, నడుమ ఆకాశం. వేడిగాలి పైకి పోయేది, వాన లోపల పడి తూములోంచి పెరట్లోకి పోయేది. జీతం బత్తెం లేకుండా ఇన్నేళ్లూ ఆ పని చేసిన మండువాని పాలికార్బొనేట్ రేకుతో మూసేస్తారు. మధ్యాహ్నానికి హాలు ఇడ్లీపాత్ర. అందుకని ఏసీలు. పదహారడుగుల ఎత్తు గది, చెక్కతలుపుల నిండా సందులు, ఒకటిన్నర టన్ను ఏ మూలకి? అందుకని తొమ్మిదడుగుల దగ్గర ఫాల్స్ సీలింగు. దాంతో బర్మాటేకు దూలాలు కనబడవు. అందుకని ఆ దూలాల ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి మంచం తలాపున వేలాడదీస్తారు. ఇక్కడిదాకా వస్తే పునరుద్ధరణ పూర్తయినట్టు లెక్క.

పందిరిమంచానికి నాలుగు గుంజలు ఉన్నది దోమతెరకి. అది ఫొటోలో బావుండదని తీసేసి, జార్జెట్ తెరలు రిబ్బన్లతో ముడేశారు. దోమలు మాత్రం సొంత పంటే: గుమ్మంలో బంతిపూలు తేలుతున్న ఇత్తడి గంగాళంలోవి. పూలు రోజూ మారుస్తారు, నీళ్లు మార్చరు. గుడ్డు దోమవడానికి వారం పదిరోజులు చాలు. వారానికోసారి గంగాళం బోర్లించి తోమితే తీరే బాధ. తోమితే పాతదనం పోతుందట.

నది కనిపించే గది కావాలంటే కిటికీ ముందు నీళ్లుంటాయి, అబద్ధం కాదు. రొయ్యల చెరువు. రాత్రంతా జలపాతం హోరు వినిపిస్తే పరవశించకండి, అవి నీళ్లలోకి గాలి చిలికే ఏరేటర్లు. చీకటిపడ్డాక నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజామున మరీ తగ్గి రొయ్యలు తేలిపోతాయని ఆ చక్రాలు ఆపరు. కరెంటు పోతే జనరేటరు ముందు చెరువుకి, ఆ తర్వాతే మీ ఏసీకి. వరస సబబే. ఏసీ ఆగితే మీరు తిడుతూ రివ్యూ రాస్తారు, ఏరేటరు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి.

పులస పులుసు సంక్రాంతికి కూడా వడ్డిస్తారు. వరదకి ఎర్రనీరొచ్చాక సముద్రంలోంచి ఎదురీదుకుంటూ గోదారెక్కితేనే విలస చేప పులసవుతుంది. భోగినాడు మీ విస్తట్లోకి ఎక్కింది ఐసుపెట్టెలోంచి. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, ఏ నెలలో అమ్మాలో చెప్పలేదు.

గది అద్దె సరిగ్గా 7,500. దాటితే జీఎస్టీ 18 శాతం. అందుకే చరిత్రని విడిగా తూస్తారు: ఎడ్లబండి సవారీ ఒక పద్దు, దివిటీల భోజనం ఒక పద్దు, పన్నీరు చల్లే జమీందారీ స్వాగతం మరో పద్దు. ఆ పన్నీరు చల్లే పెద్దాయన ఒకప్పటి సున్నం మేస్త్రీ. గానుగ ఎన్ని చుట్లు తిప్పాలో, కరక్కాయ నీళ్లు ఎన్నాళ్లు నాననివ్వాలో ఆ ఊళ్లో ఇప్పుడు ఆయనకే తెలుసు. గోడల సంగతి ఎవరూ ఆయన్నడగలేదు. వచ్చినవాళ్లకి మాత్రం, తలపాగా సర్దుకుంటూ, గోడకి ఆనుకోవద్దని మెల్లిగా చెబుతుంటాడు.