రౌండ్లు కొట్టిస్తే జంప్ రాదు సార్

బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోతుందట, షాట్ పాడవుతుందట, ఎత్తు ఆగిపోతుందట. సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ కోర్టు దగ్గర నిలబడ్డా ఇదే పాట. అందుకే పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, తర్వాత కాళ్లు చాపి కూర్చుని వేళ్లు పట్టుకోవడం, వెంటనే మ్యాచ్. ఏళ్లుగా అదే తంతు.

అసలు ఆట ఏం అడుగుతోంది? కోర్టు పొడవు 28 మీటర్లు, షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉండే గడువు, 24 సెకన్లు. పరుగు, బ్రేకు, ఎగురు, పక్కకి జరుగు, మళ్లీ పరుగు. ఇందులో ఒకే వేగంతో అరగంట జాగింగ్ ఎక్కడుంది? దమ్ము కావాలంటే కోర్టు అడ్డంగా, అంటే 15 మీటర్లు, నిమిషంలో 17 సార్లు దాటించండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. మూడు నాలుగు సెట్లు, వారానికి రెండు రోజులు చాలు. వేగం బాగా పడిపోతే ఆ రోజుకి ఆపేయాలి, ఎందుకంటే అలసిన కాళ్లతో మలుపు తిరిగేటప్పుడే మోకాలు లోపలికి వాలుతుంది. మే నెలలో మన సిమెంటు కోర్టుల మీద ఎండెక్కాక అసలు వద్దు.

మ్యాచ్ ముందు ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టుకుంటే కాసేపు జంప్ తగ్గుతుంది. దాని బదులు పది నిమిషాలు కాళ్లు ఊపడం, పెద్ద అంగలేస్తూ కిందికి దిగడం, స్కిప్పింగ్, చిన్న చిన్న జంపులు. లాగి పట్టుకునేది ఆట అయ్యాక.

నిజంగా బిగుసుకునే చోటు చీలమండ. దాన్ని ఎవరూ చూడరు! గోడకి పది సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి తాకించమనండి. తాకకపోతే ఆ కుర్రాడికి స్క్వాట్‌లో, అంటే గుంజీలా కిందికి దిగేటప్పుడు, మడమ లేస్తుంది, రీబౌండ్ (రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి) పట్టి దిగేటప్పుడు భారం మోకాలి మీదికి పోతుంది. దీనికి చేతిలో డంబెల్‌తో మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమని మూడు సెకన్లలో కిందికి దించి పైకి లేవాలి. పూర్తిగా దిగే స్క్వాట్, తుంటి దగ్గర ముందుకి వంగి బరువు దించి లేపే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కూడా అంతే, బరువే కండరాన్ని సాగదీస్తుంది. సగం దిగి ప్లేట్లు పెంచుకుంటూ పోయేవాడి ఒళ్లు బిగిస్తే తప్పు బరువుది కాదు.

అలాగని జిమ్ ట్రైనర్లని వెనకేసుకురావట్లేదు. సోమవారం చెస్ట్, మంగళవారం బైసెప్స్, కాళ్లకి ఎగనామం. అది పెళ్లి ఫొటోలకి సరిపోతుంది. ఆటగాడికి స్క్వాట్ గానీ ట్రాప్‌బార్ (మధ్యలో నిలబడి ఎత్తే చట్రం లాంటి బార్) డెడ్‌లిఫ్ట్ గానీ మూడు నాలుగు సెట్లు, సెట్‌కి నాలుగైదు రెప్స్, అంటే నాలుగైదు సార్లు ఎత్తడం. ఇంకో రెండు ఎత్తగలిగే ఓపిక ఉండగానే బార్ దించాలి. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు. లేయప్‌కి, అంటే పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర బంతి వేయడానికి, ఎగిరేది ఒంటికాలితో కాబట్టి వెనక కాలిని బల్ల మీద పెట్టి ముందు కాలితో దిగి లేచే బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ తప్పనిసరి. పైభాగానికి పుల్లప్స్, పుషప్స్ చాలు.

టోర్నమెంట్లు మొదలయ్యాక ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 'లైట్‌గా చేద్దాం' అని బరువు తగ్గించి రెప్స్ ఇరవైకి పెంచుతారు. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేరు. చేయాల్సింది దానికి రివర్సు: బరువు అటూ ఇటూగా అదే, సెట్లు సగం. ఒకే రోజు రెండూ ఉంటే షూటింగ్ ముందు, బరువులు తర్వాత. భుజాలు అలిసిపోయాక షాట్ రింగుకి అందకుండా పడితే అది అలసట, షాట్ పాడవడం కాదు. అమెరికా లీగ్ NBAలో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు చేతిలో దెబ్బలు తిన్నాకే మైకేల్ జోర్డాన్ టిమ్ గ్రోవర్‌ని ట్రైనర్‌గా పెట్టుకుని బరువుల్లోకి దిగాడు. 1991లో టైటిల్ కొట్టాడు. ఆయన షాట్ ఏమైందో చూశాం కదా.

ఇక ఎత్తు గురించి భయపడే అమ్మానాన్నలకి: పక్కన పద్ధతి తెలిసినవాళ్లుండి సరిగ్గా చేయిస్తే బరువులు ఎత్తుని ఆపవు. పదమూడేళ్లవాడికి ముందు కర్రతో స్క్వాట్, తర్వాత ఒక డంబెల్ ఛాతీకి ఆనించి, ఆ తర్వాతే 20 కిలోల ఖాళీ బార్. ఈలోగా అడుగు ఎత్తున్న బల్ల మీంచి దిగి రెండు కాళ్ల మీద వాలమనండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలుతుంటే ప్లేట్ల జోలికి ఇంకా పోవద్దు.