నలభై ఎకరాల అడవిలో ఎన్ని బాటలు?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం తుపాకీ వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. విల్లు వేట కూడా కలిపితే అక్కడ ఏడాదికి సుమారు మూడు లక్షల తెల్లతోక జింకలు వేటలో పోతాయి. అందులో ఎక్కువ భాగం ప్రైవేటు భూముల్లోనే. సొంత అడవి ఉన్నవాడి దగ్గర మోటారు రంపం ఉంటుంది, చిన్న ట్రాక్టరో నాలుగు చక్రాల బండో ఉంటుంది. అవన్నీ ఉన్నాక చేతులు ఊరుకోవు. మంచెకో బాట, వాగు దగ్గరికో బాట, పొలిమేర చుట్టూ ఇంకోటి తీస్తారు. వీటిలో చాలావాటివల్ల వేటకు లాభం లేదు, అడవికి నష్టం మాత్రం ఉంది.

ముందు లెక్క చూద్దాం. 1785 నాటి చట్టంతో మొదలైన సర్వే అక్కడి నేలనంతా గళ్లుగా కోసింది. చదరపు మైలు ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. దాన్ని పదహారు చేస్తే వచ్చే నలభై ఎకరాల చదరమే ఈనాటికీ చాలామంది ఆస్తికి కొలత. ఒక్కో వైపు సుమారు 400 మీటర్లు. దాని నడిమధ్య నుంచి మూడు మీటర్ల వెడల్పుతో ఒక బాట తీస్తే పోయే నేల ఎకరంలో మూడో వంతు కూడా ఉండదు. యజమాని ఈ లెక్కే చూసుకుని నిశ్చింతగా ఉంటాడు. కానీ మనిషి అలికిడి, వాసన బాటకు అటూ ఇటూ వంద మీటర్లు పారుతాయనుకుంటే, ఆ ఒక్క బాటకే సగం అడవి పోయినట్టు. అడ్డంగా ఇంకో బాట తీస్తే ముప్పావు వంతు పోయింది. మిగిలేవి నాలుగు మూలలు. ఆ మూలలకు అవతల పొరుగువాడి అడవి, అందులో అతని మంచె.

ఇంత జరిగినా జింక ఊరు విడిచి పోదు. ఆ వైపు పగలు రావడం మానేసి రాత్రి వస్తుంది. రాత్రి వేట నిషిద్ధం. చెట్టుకు కట్టిన కెమెరాలో అర్ధరాత్రి దాటాక పెద్ద కొమ్ముల మగ జింక ఫొటోలు వరసగా పడుతుంటే, యజమాని సంబరపడి ఆ కెమెరా చూడటానికి మరో నాలుగుసార్లు అదే బాటన నడిచి వస్తాడు!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చదునుగా తీసిన బాట మీద నడవడం జింకకూ హాయే, అదీ ఆ దారే పడుతుంది. కాబట్టి జింకను మంచె ముందుకు తెచ్చే బాట వేరు, మనిషి మంచె చేరే బాట వేరు. రెండూ ఒకటే అయితే వేటగాడు తన వాసనను తానే పరిచి, దాని మీద జింక కోసం కాచుక్కూర్చున్నట్టు. నవంబరులో చలిగాలి విస్కాన్సిన్ మీదికి ఎక్కువగా వాయవ్యం నుంచి దిగుతుంది. జింకలు పడుకునే చోటికి ఆగ్నేయంగా, గాలివాలున, పొలిమేరను ఆనుకుని మనిషి బాట ఉండాలి. కొండల్లో మరో మెలిక ఉంది. పొద్దెక్కేకొద్దీ గాలి వాలు మీదికి పాకుతుంది, సాయంత్రం చల్లబడి లోయలోకి జారుతుంది. పొద్దున పనికొచ్చిన బాట మీదే సాయంత్రం జింక మనల్ని పసిగట్టేస్తుంది.

వేట సంగతి సరే, నేల సంగతి ఇంకా పెద్దది. నైరుతి విస్కాన్సిన్ కొండలను మంచుయుగపు హిమానీనదాలు తాకలేదు. నిటారు వాలులు, వాటి మీద గాలి తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు. వాలుల మీద పశువులను మేపి, నిలువు సాళ్లు దున్ని ఆ నేలను ఎంతగా కోతకు గురిచేశారంటే, దేశంలోనే మొదటి పరీవాహక భూసంరక్షణ ప్రాజెక్టు 1933లో అక్కడి కూన్ వ్యాలీలోనే మొదలైంది. దగ్గరి దారి కదా అని ఈ వాలు మీద కింది నుంచి పైకి నిటారుగా బాట తీసి, వానకు నానిన నేల మీద బండి తోలితే, చక్రాల గాడి రెండు మూడు వానలకే వంక అవుతుంది. బాటలు తీసేవాళ్లు పాటించే కొలత ఒకటుంది: బాట ఏటవాలు కొండ వాలులో సగం మించకూడదు. దూరం పెరుగుతుంది, కొట్టాల్సిన చెట్లూ పెరుగుతాయి. అందుకే చాలామంది పాటించరు.

ఇన్ని బాటలు తీయాలన్న ఉబలాటం వెనక ఒక పాత పాఠం కూడా ఉంది. అడవి, ఖాళీ జాగా కలిసే అంచుల్లోనే వేట జంతువులు ఎక్కువగా ఉంటాయని విస్కాన్సిన్ వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ 1930లలో నేర్పాడు. ఆ మాట నిజమే, బాట తీస్తే అలాంటి అంచే ఏర్పడుతుంది. అయితే అది జింకలు కరువైపోయి మళ్లీ అప్పుడప్పుడే కోలుకుంటున్న కాలపు మాట. 1940లలో ఆయనే జింకలు మితిమీరాయని, ఆడ జింకలనూ కొట్టాలని వాదించి వేటగాళ్ల చేత తిట్లు తిన్నాడు. వేటగాళ్లు మొదటి పాఠం పట్టుకున్నారు, రెండోది వదిలేశారు. ఇవాళ బాటకు ఇరువైపులా ఎండ పడి మొలిచే ఓక్ మొక్కను జింక కొరికేస్తుంది. బూట్లకూ చక్రాలకూ అంటుకుని వచ్చిన గార్లిక్ మస్టర్డ్ అనే పరదేశి కలుపును మాత్రం ముట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ బాట వెంట ఏది మిగులుతుందో వేరే చెప్పాలా? మన నల్లమలలో కూడా వేసవికి ముందు మంటలు పాకకుండా ఫైర్ లైన్ల పేరుతో బాటలు కొడతారు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని కొట్టడం నేరం. కానీ ఆ అడవిలో పులి ఉంది. విస్కాన్సిన్ నైరుతి కొండల్లో జింకలు మితిమీరకుండా చూసే పని తుపాకీదే. వేట చెడితే అడవీ చెడుతుంది.

బాటలే వద్దనడం కూడా సరికాదు. ఎనభై కిలోలు దాటే మగ జింకను ముళ్ల పొదల్లోంచి ఈడ్చుకు రావడం ఎవరికైనా కష్టమే, అరవై దాటినవాడికి ప్రమాదం కూడా. ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు పట్టి ఎండిన యాష్ చెట్లు ఎప్పుడు విరుగుతాయో తెలియదు, వాటి కింద నడవకుండా దారి మార్చాల్సిందే. నలభై ఎకరాలకు బండి పట్టే బాట ఒకటి, అదీ పొలిమేరన చాలు. అక్కడి నుంచి మంచెకు అడుగు వెడల్పు కాలిబాట. వేటకు ముందు దాని మీద ఎండుటాకులు ఊడిస్తే చప్పుడు ఉండదు. పని ఫిబ్రవరిలో పెట్టుకోవాలి. నేల గడ్డకట్టి ఉంటుంది, మంచు మీద జింకల అడుగులు కనిపిస్తాయి కాబట్టి వాటి దారికి అడ్డం పోకుండా గీత గీసుకోవచ్చు. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఓక్ చెట్టును గాయపరిస్తే ఓక్ విల్ట్ తెగులు పట్టే ముప్పు ఎక్కువ. ఆ నెలల్లో ఓక్‌కు రంపం పెట్టొద్దని రాష్ట్ర సహజ వనరుల శాఖే చెబుతోంది.

1985లో వచ్చిన మేనేజ్డ్ ఫారెస్ట్ చట్టం కింద అడవిని నమోదు చేస్తే పన్ను తగ్గుతుంది. బదులుగా శాఖ ఆమోదించిన ప్రణాళిక ప్రకారం అడవిని చూసుకోవాలి. ప్రజలకు తెరిచి ఉంచితే పన్ను ఇంకా తక్కువ, అప్పుడు వేటకో నడకకో ఎవరైనా అడగకుండానే రావచ్చు. అలాంటి చోట నున్నగా తీసిన బాట పరాయివాణ్ని కూడా నేరుగా మంచె కిందికే తెస్తుంది. జనం సొమ్ముతో రాయితీ పొందుతున్న అడవి కాబట్టి, ఏ చెట్టు ఎప్పుడు కొట్టాలో రాసే ఆ ప్రణాళికలోనే వేట బాటల పటం, వాటి వెడల్పు, ఏటవాలు కూడా రాయించాలి. పటం గీయించే ఫారెస్టర్ యజమానిని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఉన్న బాటల్లో దేన్ని మూసేద్దాం అని.