క్యూ కోసం క్యూ

బెజవాడలో క్యూ అంటే దసరాకు కొండమీద నిలబడేది. ఇప్పుడు ఇంకోటి వచ్చింది: పూల్ (బిలియర్డ్స్ లాంటి బల్లమీది ఆట) ఆడే కర్ర. అదీ చేత్తో చేయించుకుని దాచుకునేది. పేరున్న అమెరికా పనివాడికి ఆర్డరిచ్చి ఏళ్ల తరబడి కాచుకోవాలి కనుక, ఇది క్యూ కోసం క్యూ. మూలా నక్షత్రం రద్దీ చూసిన ఊరికి ఇదేం లెక్క!

అంత ఆలస్యం దేనికంటే, షాఫ్టుకు, అంటే బంతిని కొట్టే ముందు సగానికి, వాడే మేపుల్ చెక్కను ఒక్కసారే సన్నగా చెక్కకూడదు. లేతు మీద కాస్త తీసి, నెలలు వేలాడదీసి, మళ్లీ కాస్త తీయాలి. కోతకోతకీ చెక్కలో బిగువు సడలి వంగుతుంది. ఆ వంగేదేదో కొస 13 మిల్లీమీటర్ల మందానికి రాకముందే వంగిపోవాలి. తొందరపడి చెక్కిన కర్ర కొన్నవాడి ఇంట్లో వంగుతుంది. అప్పుడు తప్పు మన వాతావరణానిది.

కర్ర చూడటం ఒంగోలు గిత్త సుడులు చూసినంత పని. 58 అంగుళాల కర్రను 29 చొప్పున విడదీసి, ఒక్కో ముక్కనూ బల్లమీద దొర్లించాలి. కింద వెలుతురు సందు పెద్దదీ చిన్నదీ అవుతుంటే వంకర. విడివిడిగా బాగానే దొర్లి, బిగించాక ఎగిరితే జాయింటు ముఖం చదునుగా లేదన్నమాట. తర్వాత పిడిమీది మొనలు, అంటే అలంకారానికి కోసుగా పొదిగిన చెక్కలు. నిజంగా గాడిచేసి అతికిన మొన సూదిలా ముగుస్తుంది. కంప్యూటర్ యంత్రం తొలిచి పొదిగితే కొస కాస్త గుండ్రమవుతుంది. నాలుగు మొనలూ ఒకే ఎత్తున లేకపోతే, వంగిన పిడిని సరిచేయడానికి ఎవరైనా మళ్లీ చెక్కారేమో అడగండి. స్క్రూ కూడా చూసుకోవాలి. 5/16-14 (అంగుళంలో 5/16 వంతు లావు, అంగుళానికి 14 మరలు) పిడికి 3/8-10 షాఫ్టు ఎక్కదు. బలవంతంగా తిప్పితే మరలు పాడవుతాయి.

ఈ లోకంలో దేవుడు క్యూలు చేసిన జార్జ్ బాలబుష్కా (1912–1975). ఆయన కర్రల్లో చాలావాటికి మొనలు అతికిన పిడి దిమ్మెలు బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ లాంటి వాళ్ల దగ్గర కొన్నవే. కనుక దోసెపిండి బయట కొని పచ్చడి ఇంట్లో నూరే ఇల్లాలిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఆయన పేరుతో నకిలీలూ ఎక్కువే. ఏనుగుదంతం పొదిగిన పాతకర్ర మీద మనసు పడేవాళ్లకు ఒక్క మాట: మన దేశంలో దంతం వ్యాపారం నేరం. బేరం తెగేలోపే ఆగండి.

ఇల్లు చేరాక అసలు తపస్సు. రోహిణీ కార్తెలో బందరు రోడ్డు పక్కన ఆపిన కారులో అరగంట కూడా వదలొద్దు. గోడకు ఆనించొద్దు, ఆనిస్తే సొంత బరువుకే వంగుతుంది. షాఫ్టు మురికైతే గరుకు కాగితంతో రుద్దే మహానుభావులున్నారు. రుద్దిన ప్రతిసారీ షాఫ్టు సన్నబడుతుంది, పోయిన చెక్క తిరిగి రాదు. పాత పాలిష్ గీకి కొత్తది కొట్టిస్తే మెరుపు పెరిగి ధర పడిపోవచ్చు.

ఇక అన్నిటికన్నా పెద్ద నియమం: ఆడకూడదు. ఫెర్రూల్ (కొసన టిప్పు అనే తోలుబిళ్ల కిందుండే పట్టీ) మీద టిప్పుకు రాసే నీలం చాక్ మరక కూడా పడనిదే మేలిరకం. బంతి తగలని కర్రకే గిరాకీ. కొండపల్లి బొమ్మ అద్దాల బీరువాలో ఉన్నట్టు ఇదీ ఉండాలి. కాకపోతే తెల్లపొణికి బొమ్మను పిల్లలకిస్తే కనీసం ఒక పూట ఆడుకుంటారు.

బావమరిది వచ్చి “ఒక్క గేమేద్దాం బావా” అంటే వీధి చివర పార్లర్‌కు తీసుకెళ్లి, అక్కడి అద్దెకర్ర చేతికివ్వండి. టిప్పు ఊడితే యజమాని కౌంటరు సొరుగులో ఫెవిక్విక్ ఉంటుంది.