పులిగారి తొమ్మిది గంటలు

రాత్రి తొమ్మిదీ ఏడు నిమిషాలకు నా కారు శ్రీశైలం దారిలో, నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు గేటు ముందు ఆగింది. గేటు తొమ్మిదికే పడిపోయింది. ఏడంటే ఏడు నిమిషాలు. పెళ్ళి ముహూర్తాలే అరగంట అటూ ఇటూ అయ్యే దేశంలో ఒక ఇనప గొట్టానికి ఇంత నిక్కచ్చితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకర్థం కాలేదు.

"పొద్దున ఆరింటికి రండి సార్. రాత్రిపూట జంతువులు తిరుగుతుంటాయి" అన్నాడు గేటు దగ్గరి కుర్రాడు.

"అవి తిరగొచ్చు, నేను తిరగకూడదా?"

నవ్వాడే తప్ప జవాబివ్వలేదు. బావమరిదికి ఫోన్ చేసి మాట్లాడిద్దామంటే సిగ్నల్ లేదు. ఆలస్యానికి కారణమూ నేను కాదు. కల్వకుర్తిలో మిర్చి బజ్జీలు అప్పుడే వాయి దింపుతున్నారు. డిండి దగ్గర సూర్యాస్తమయం మరీ బాగుంది. ఫోటోలో మా ఆవిడ కళ్ళు మూసుకుంటే మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఇవన్నీ చెప్పినా వినే నాథుడు లేడు. వెనక్కి తిప్పి అచ్చంపేటలో ఒక లాడ్జిలో దిగాం. అక్కడ దోమల మధ్య కూర్చుని, ప్రజాహితం కోరి రాసుకున్నదే ఈ వినతి.

ముందు లెక్క చూద్దాం. రోజుకు ఇరవై నాలుగు గంటలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా, అంటే తొమ్మిది గంటలు, పులిగారివి. మిగతా పదిహేనూ మనవే అన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ దాటితే ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఇంకా పెద్దది, దేశంలోకెల్లా పెద్దదని పేరు. అంత అడవి పెట్టుకుని ఈ జంతువులు నా రెండు లైన్ల రోడ్డే ఎందుకు దాటాలి? ఇటువైపు ఉన్న టేకు చెట్టే అటువైపూ ఉంది, ఇటున్న దుప్పే అటూ ఉంది.

తెలిసినవాణ్ణి అడిగితే, సంబంధాల కోసమన్నాడు. వయసొచ్చిన మగపులి పుట్టిన చోటు వదిలి దూరం పోవాలట, లేకపోతే దగ్గర రక్తంలోనే జత కట్టి జాతి బలహీనపడుతుందట. మేనరికాలు మనకు లేవా? మా ఇంట్లో మూడు తరాల నుంచి నడుస్తున్నాయి, అందరం బాగానే ఉన్నాం. మా పెద్దమ్మ కొడుకు సంగతి వేరు.

పెద్ద జంతువులు సరే, చిన్నవాటి పెత్తనం ఇంకా ఎక్కువ. పగలంతా ఎండకు కాగిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. దానిమీద పాములొచ్చి పడుకుంటాయట. కోట్లు పోసి రోడ్డు వేసింది కట్లపాము వెచ్చగా పడుకోవడానికా? కణితి అనే పెద్ద జింకకు కళ్ళలో లైటు పడితే పరుగెత్తకుండా అక్కడే నిలబడిపోతుందట. డిమ్ కొట్టాల్సింది నేనే అంటారు. పునుగుపిల్లి, ఉడుము, అలుగు లాంటివి గుద్దుకున్నా బండికి గీత కూడా పడదు కాబట్టి వాటిని ప్రమాదం కింద ఎవరూ రాయరు. ఆ ఒక్క విషయంలో మాత్రం వ్యవస్థ డ్రైవర్ల పక్షానే ఉందని ఒప్పుకోవాలి.

ఈ అన్యాయం మనకొక్కళ్ళకే కాదని తెలిశాక కొంచెం ఊరట కలిగింది. కర్ణాటకలో బందీపూర్ అడవి గుండా కేరళ, తమిళనాడు వైపు పోయే రోడ్లకు 2009 నుంచి ఇదే తొమ్మిది–ఆరు నియమం. కేరళవాళ్ళు దానిమీద ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతూ పోరాడుతున్నారు. మనం బావమరిదికి సిగ్నల్ దొరక్కపోతే లాడ్జికి పోతాం.

ఇక పరిష్కారాలు. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా రోడ్డును స్తంభాలమీద ఎత్తేసే ప్రతిపాదన ఒకటుంది. వేల కోట్ల మాట. పైన మనం, కింద పులి. వినడానికి బాగుంది కదా అని, ఇలాంటిది ఎక్కడైనా ఉందా అని వాకబు చేశాను. మన హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు హైవే మీదే, నాగపూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర తొమ్మిది చోట్ల రోడ్డును పైకి లేపి కింద జంతువులకు దారి వదిలారు. వాటిలో అన్నిటికంటే పొడవైనది 750 మీటర్లు. పులులు, రేసుకుక్కలు దాని కింద దర్జాగా నడుచుకుంటూ పోతూ కెమెరాల్లో పడ్డాయి. అంతవరకూ బాగుంది. అసలు మోసం పైన ఉంది. శబ్దం, లైటు కిందికి పోకుండా వంతెనకు రెండు పక్కలా గోడల్లాంటి అడ్డాలు కట్టారు. అంటే మనం వేల కోట్లు పెట్టి ఎక్కాక అడవి కనపడదు! దారిలో కృష్ణ లోయ చూపించే ఆక్టోపస్ వ్యూ పాయింట్ కనపడకపోతే నా స్టేటస్‌లో ఏం పెట్టాలి? అందుకని నా సూచన: అడ్డాలు తీసేసి ఐదు కిలోమీటర్లకొక వ్యూ పాయింటు, దాని పక్కనే బజ్జీల బండి. పులి కూడా పైకి చూసి మనుషులు కనిపించారని సంతోషిస్తుంది.

కెనడాలో బాన్ఫ్ అని ఒక చోటుంది. హైవే మీద ఆరు ఓవర్‌పాస్‌లు, కింద ముప్పై ఎనిమిది దారులు. జంతువులు వాటిలోకే వచ్చేట్టు రోడ్డు పొడవునా కంచె. అక్కడి ఎలుగుబంట్లు కొత్త దారికి అలవాటు పడటానికి ఐదేళ్ళ దాకా తీసుకున్నాయట. మనకు ఐదేళ్ళంటే ఒక ప్రభుత్వం. ఎలుగు నమ్మేసరికి శంకుస్థాపన ఫలకం మీద పేరు మారిపోతుంది.

పనిలో పనిగా ఇంకో మాట కూడా రాసుకున్నాను, చివరికి వినతిలోంచి కొట్టేశాను. అడవి లోపలి చెంచుపెంటల్ని, అంటే చెంచు గిరిజనుల గూడేల్ని, జంతువులకు ఇబ్బంది అని, బయటికి తరలించే ఆలోచన ఏళ్ళుగా నడుస్తోంది. చెంచులు కాలినడకన పోతారు. హారన్ కొట్టరు. మల్లన్నను మా అల్లుడంటారు. వాళ్ళు పోవాలి, ఎనభై స్పీడులో వెళ్ళే నేను ఉండాలి అని రాస్తే చదివేవాళ్ళు ఎటో ఒకవైపు అపార్థం చేసుకుంటారు.

పొద్దున ఆరింటికి గేటు లేచింది. వరసలో ముప్పై కార్లు ఒక్కసారిగా ఉరికాయి. ఫర్హాబాద్ దాటాక కోతులు రోడ్డు మీదే కూర్చుని ఉన్నాయి. తిండి వేయొద్దని బోర్డుంది. ఆ బోర్డు కిందే ఆపి, పుణ్యమని అరటిపళ్ళు వేశాం. వెనకవాడు హారన్ కొడితే ఒక కోతిపిల్ల బెదిరి అటు చివరికి దూకింది. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవర్ మంచివాడు, బ్రేకు వేశాడు. ఈ కోతులకు బొత్తిగా రోడ్ సెన్స్ లేదు.

శ్రీశైలంలో శీఘ్ర దర్శనం టికెట్ కొన్నా మూడు గంటలు పట్టింది. క్యూలో ఒక్క మాటా అనలేదు నేను. దేవుడి దగ్గర నియమాలంటే నియమాలే. లోపల కనిపించింది రెండు సెకన్లు. ఆ పులితోలు కట్టుకున్న స్వామిని ఒక్కటే అడిగాను, ఈసారైనా గేటు పడకముందే చేర్చమని.

చేర్చాడు. తిరుగు దారిలో, తొమ్మిదికి రెండు నిమిషాలు ఉందనగా శ్రీశైలం వైపు గేటు దాటాను. అద్దంలో చూస్తే వెనకే వచ్చిన కారు ముందు గేటు పడింది. అందులోవాడు దిగి, చెయ్యి ఊపుతూ అక్కడి గేటు కుర్రాడి మీద అరుస్తున్నాడు, ఫోన్ కూడా తీశాడు. కిటికీ దించి మా ఆవిడకు చూపించాను. ఇలాంటివాళ్ళ వల్లేనే అడవి నాశనమైపోతోంది అన్నాను.